నల్ల కారుకు మెత్తనిది

అనసూయమ్మ అంగట్లోకి దిగే వేళ ఒకటుంది. పొద్దున మరిది కొడుకు ప్రదీప్‌కుమార్ షట్టరెత్తి, గడప ముందు నీళ్లు చల్లి, లక్ష్మీదేవి పటానికి ఊదుబత్తీ తిప్పి, తొలి బేరం తన చేతుల మీదుగా కానిచ్చాక, మేడమెట్ల వైపు మొహం పెట్టి "పెద్దమ్మా" అని ఒక కేక వేస్తాడు. అప్పుడామె కొంగు భుజం నిండా కప్పుకుని దిగి వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చుంటుంది. అంతకు ముందే దిగి రావద్దని ఇంట్లో ఎవరూ ఆమెతో అనలేదు. అనిపించుకునేదాకా ఆమె తెచ్చుకోనూ లేదు. భర్త పోయిన మనిషి చేత్తో బోణీ చేయించుకోవడం బజారులో ఎవరికీ నచ్చదని ఆమెకు తెలుసు. పుట్టినిల్లు ఆదోనిలో బట్టల కొట్టు, మెట్టినిల్లు కర్నూలులో రంగుల అంగడి. ఇవి ఆమెకు ఒకరు నేర్పాల్సిన సంగతులు కావు.

అది కార్లకు వేసే రంగుల అంగడి. బళ్లారి చౌరస్తాకు కాస్త ఇవతల, సొట్టలు తీసే షెడ్లు వరసగా ఉన్న సందు మొదట్లో ఉంటుంది. రంగులు, తిన్నరు, ఉప్పుకాగితాలు, లప్పం, పాలిష్ మందులు, పాలిష్ మిషన్‌కు తగిలించే ప్యాడ్లు అమ్ముతారు. భర్త వెంకటరమణయ్య బతికున్న రోజుల్లో కొత్త సరుకు ఏది వచ్చినా మధ్యాహ్నం భోజనానికి మేడెక్కుతూ ఒకటి చేతబట్టుకుని వచ్చేవాడు. అన్నం వడ్డించబోతున్న ఆమె చేతిలో దాన్ని పెట్టి "కండ్లు మూసుకొని చెప్పు, ఇది గట్టిదా, మెత్తదా?" అనేవాడు. అంతదాకా ఊరంతా గొర్రెబొచ్చు ప్యాడ్లే వాడేది. స్పాంజి ప్యాడ్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. పెయింటర్లు వాటిని చూసి గిన్నెలు తోముకునేదానికా శెట్టీ అని నవ్వేవారు. ఆయన మాత్రం పెళ్లాం చేత నొక్కించి, పిండించి, వదిలిపెట్టించి, అది ఎంతసేపట్లో పైకి లేస్తుందో చూడమనేవాడు. "రంగు జూసి ప్యాడ్ ఇచ్చేటోడు అంగడే పెట్టగూడదు. ఒక కంపెనీకి పసుపుది గట్టిది, ఇంగో కంపెనీకి పసుపుదే మెత్తది. వేలితో జూడల్ల" అనేవాడు. కూర చల్లారిపోయేది. ఆమె కసురుకునేది.

ఆ మనిషి పోయి నాలుగేళ్లు. ఇప్పుడు మధ్యాహ్నం ఆమె మేడెక్కి ఒక్కతే తింటుంది. కూర తోటికోడలు నాగలక్ష్మమ్మ పక్క వాటాలోంచి గిన్నెలో పంపుతుంది, అన్నం తను వండుకుంటుంది. మరిది మంచివాడే. ప్రదీప్‌కూ మర్యాద తెలుసు. ఆమెను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టింది కూడా వాళ్లే, ఒక్కతే మేడ మీద ఏం చేస్తుందిలే అని. కానీ పెద్దమ్మ కూర్చోవడానికి వస్తుంది, అమ్మడానికి కాదు. వచ్చేవాళ్లంతా ఆమె తల మీదుగా ప్రదీప్‌ను అడుగుతారు. ప్రదీప్ చెప్తాడు. ఆమె చిల్లర ఇస్తుంది. ఒక్కోరోజు సాయంత్రం మెట్లెక్కుతుంటే పొద్దుటినుంచీ తన నోట్లోంచి వచ్చింది "ఇదో తీసుకోండి" అనే ముక్కేనని గుర్తొచ్చేది.

మాఘమాసం చివర్లో జ్ఞానేశ్వర్ అనే ఆయన మొదటిసారి అంగడికి వచ్చాడు. అరవైకి దగ్గరపడిన మనిషి. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి నిలబడతాడు. తెల్ల చొక్కా మీద ఎక్కడా మరక లేదు కానీ గోళ్ల చుట్టూ తెల్లటి పొడి ఇంకిపోయి ఉంది. ఆ తెలుపు బేతంచెర్ల బండలదని కర్నూలులో ఎవరినడిగినా చెప్తారు.

"పాలిష్ మిషన్‌కు ప్యాడ్ కావల్లప్పా. పసుపుది" అన్నాడు ప్రదీప్‌తో. "హైదరాబాదులో మిషన్ కొన్నచోట చెప్పినారు, ముందు పసుపుదే వాడల్ల అని."

ప్రదీప్ పసుపుది తీసి బల్ల మీద పెట్టాడు.

"కారు ఏం రంగు సార్?" అంది అనసూయమ్మ.

ప్రదీప్ వెనక్కి తిరిగి చూశాడు. మాట జారినందుకు ఆమెకే సిగ్గేసింది. వచ్చినాయన మాత్రం మాట ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కుని, ఆమె వైపు పూర్తిగా తిరిగి నిలబడ్డాడు.

"నలుపమ్మా. పాత ఎస్టీమ్. ఎండలో పెడితే సాలెగూడు కట్టినట్ల అంతా గీతలు."

"దుమ్ము తుడిచేది తడి గుడ్డతోనా, పొడి గుడ్డతోనా?"

"పొడి గుడ్డే. బేతంచెర్లలో అందరం అంతే గదమ్మా. తెల్లారితే ఎంతుంటాది దుమ్ము! గుడ్డ దీసుకొని తుడిచేదే."

"అది దుమ్ము గాదు గద సార్, రాయి. రాయితో రుద్దినట్ల రోజూ."

ఆయన నవ్వాడు. "ముప్పై ఏండ్లు బండల పాలిష్ ఫ్యాక్టరీలో మేనేజర్‌ని. ఈ మాట నాకు తోచల్యా సూడు."

అనసూయమ్మ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. ఈ కంపెనీ పసుపు మెత్తదని, గీతల మీద జారిపోతుందే గాని కోయదని, ముందు గట్టిది కావాలని చెప్పింది. నారింజ రంగుది, తెల్లది, పసుపుది, నల్లది నాలుగూ వరసగా పెట్టి నొక్కి చూడమంది. ఆయన బొటనవేలితో అదిమితే ప్యాడ్ అప్పడంలా అణిగిపోయింది.

"అంత బలంగా గాదు సార్."

"బండల చేయమ్మా ఇది" అన్నాడాయన, చేతిని తానే తప్పుబడుతున్నట్టు చూసుకుంటూ. "బండకైతే నీళ్లు పోసి, మిషన్‌ను అదిమిపట్టి, ఒకే చోట నిలబెట్టల్ల. అప్పుడు గాని మెరుపు రాదు."

"బండకు మెరుపు లోపల్నించి వస్తాది. కారుకు పైనుండే పొరే మెరుపు. అదిమినామంటే అది గూడా పోతాది." ఆ మాట వెంకటరమణయ్యది. తన నోట్లోంచి వచ్చాక అది తన మాటలాగే ఉంది.

ఆయన నారింజ రంగుది కొనుక్కుపోయాడు. ప్రదీప్ "నీకు బాగానే తెలుసే పెద్దమ్మా" అన్నాడు, ఫోను చూసుకుంటూ.

తర్వాత జ్ఞానేశ్వర్ మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి రావడం మొదలుపెట్టాడు. ఏదో ఒక సందేహం ఉండేది. మందు ఎంత వేయాలి, ప్యాడ్ కడగాలా, డోరుకూ బానెట్‌కూ ఒకటే ప్యాడ్ సరిపోతుందా. ప్రదీప్‌ను దాటుకుని నేరుగా ఆమెనే అడిగేవాడు. ఆమె చెప్పింది విని, తలూపి, ఆఖర్న "అయితే మీరేమంటారమ్మా?" అనేవాడు. చెప్పిందంతా చెప్పాక మళ్లీ ఆ ప్రశ్న ఎందుకో ఆమెకు అర్థమయ్యేది కాదు. కానీ మంగళవారం పొద్దున తల దువ్వుకునేటప్పుడు ఆ ప్రశ్న గుర్తొచ్చేది. ఈ నాలుగేళ్లలో ఆమెను ఎవరూ ఏదీ అట్లా అడిగింది లేదు.

మధ్యమధ్యలో ఆయన సంగతులు తెలిశాయి. భార్య పోయి చాలాకాలం. పిల్లలు లేరు. కరెంటు కోతలతో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఓనరు వాడి వదిలేసిన కారును కొనుక్కుని, కర్నూలుకు వచ్చి అశోక్‌నగర్‌లో ఒక వాటాలో అద్దెకుంటున్నాడు. డ్రైవింగ్ వచ్చు కానీ పోవడానికి చోటేమీ లేదు. ఇంటి ముందు వేపచెట్టు నీడలో కారు నిలబెట్టి పొద్దంతా మిషన్ తిప్పుతుంటాడు.

ఒక మంగళవారం ప్రదీప్ డోన్‌కు పోయి రావడం ఆలస్యమైంది. తాళాలు మేడ మీదే ఉన్నాయి. తిన్నరు డబ్బాలు వేసే ఆటో వచ్చి వీధిలో హారన్ కొడుతుంటే అనసూయమ్మే దిగి షట్టరెత్తించింది. ఆటో పోయింది. ఆమె లోపలికి పోకుండా, గల్లాపెట్టె దగ్గర కూర్చోకుండా, బల్లను పట్టుకుని నిలబడి ఉండగానే జ్ఞానేశ్వర్ వచ్చాడు.

"కూర్చోండి సార్. పిల్లోడు వస్తాండాడు."

"పిల్లోడెందుకమ్మా? మీరుండారు గద. తెల్ల ప్యాడ్ కావల్ల, నారింజది పనైపాయ."

"బోణీ కాలేదు సార్."

ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మొహంలో జాలి కనపడుతుందేమోనని ఆమె తల దించుకుంది.

"మా ఫ్యాక్టరీలో పొద్దున తొలి బండను మిషన్ మీదికి ఎక్కించేది హనుమంతమ్మ" అన్నాడాయన, తెల్ల ప్యాడ్ తానే తీసుకుని నొక్కి చూస్తూ. "ఆమెకూ మొగుడు ల్యా. ఆమె ఎక్కించిన బండ ఒక్కటీ పగల్యా. పగిలినవన్నీ మొగుళ్లుండేటోళ్లు ఎక్కించినవే."

అనసూయమ్మ నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. ఆయన నోటు బల్ల మీద పెట్టలేదు, చేయి చాచి పట్టుకున్నాడు. ఆమె చేత్తో అందుకుంది.

ప్రదీప్ వచ్చి, గల్లాపెట్టెలో నోటు చూసి, "బోణీ ఎవరు చేసినారు?" అన్నాడు.

"నేనే."

వాడు పటం వైపు ఒకసారి చూసి, ఇంకో ఊదుబత్తీ వెలిగించాడు.

హోళీ దాటింది, ఎండలు ముదిరాయి. ఒక శుక్రవారం జ్ఞానేశ్వర్ ఎప్పుడూ లేనంత హుషారుగా వచ్చాడు. "గీతలన్నీ పోయినాయమ్మా. అద్దం మాదిరి ఉండాది. కానీ ఎండలోకి తీస్తే సన్నగా మబ్బు పట్టినట్ల కనపడతాండాది."

"నలుపుకు అట్లనే ఉంటాది సార్. ఆఖర్న మెత్తది వాడల్ల. నల్ల ప్యాడ్. దాంతో పనైపోతాది."

"అయితే అది ఇచ్చేయండి. ఒక పనైపోతాది." ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "ప్రొద్దుటూరాయన చూసిపోయినాడు కారును. ఈ మబ్బొక్కటి పోతే తీసుకుంటానన్నాడు. అది ఇచ్చేస్తే ఇంగ నాకీడ ఏముంది? బళ్లారిలో తమ్ముడుండాడు. మేడ మీద రూము వేయించినాడు, రా రా అంటాండాడు. ఈ కారు చేతిలో ఉండాదని చెప్పి ఆగినా."

నల్ల ప్యాడ్ల డబ్బా గల్లాపెట్టె కిందే ఉంది. అనసూయమ్మ అప్పటికే వంగి దాని మూత మీద చేయి పెట్టింది. ఆ చేయి అక్కడే ఆగింది.

"అయిపోయినాయి సార్" అంది. "హైదరాబాదునించి రావల్ల."

ఎందుకన్నదో ఆమెకే తెలియలేదు. మాట వచ్చేశాక మూత మీది చేయి తీసేసింది. ప్రదీప్ బయట పెయింటర్‌తో మాట్లాడుతున్నాడు కాబట్టి సరిపోయింది.

"అట్లనా" అన్నాడాయన. "ఎప్పుడొస్తాయి?"

"మంగళవారం అడగండి."

మంగళవారం వచ్చాడు. శుక్రవారం వచ్చాడు. రాలేదంది, లారీ ఆఫీసులో ఉండిపోయిందంది, వేరే సరుకు పంపినారంది. అబద్ధం చెప్పిన ప్రతిసారీ ఈ ఒక్కసారికే అనుకునేది. ఆయన విసుక్కునేవాడు కాదు. "అంతవరకు ఏం చేయమంటారు మరి?" అనేవాడు. తెల్ల ప్యాడ్‌తోనే తేలిగ్గా ఇంకొకసారి తిప్పమనేది. ఏదో ఒకటి చెప్పాలి కదా. ఆ మాటతోపాటు ఇంకో పది మాటలు వచ్చేవి. ఆయన పోయాక ఆమె డబ్బాను కాలితో ఇంకొంచెం లోపలికి తోసేది.

శ్రీరామనవమి తర్వాత ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణానికి పోదామని ఇంట్లోవాళ్లు వ్యాను మాట్లాడారు. అది మంగళవారం పడింది.

"నేను రానులే. మీరు పోయి రాండి" అంది అనసూయమ్మ.

నాగలక్ష్మమ్మ నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది. "ఏంటక్కా ఇది? పోయినేడు నువ్వే గదా పట్టుబట్టి తీసకపోతివి? దేవుని పెండ్లికంటే అంగడి ఎక్కువైపాయనా నీకు?"

"మోకాళ్లు నొప్పిగా ఉండాయి."

"వ్యాన్లో కూర్చునేదానికి మోకాళ్లెందుకు?" అంటూ ఆమె వెళ్లిపోయింది. వెళ్తూ వెనక్కి తిరిగి ఒకసారి పరీక్షగా చూసింది. ఆ చూపుకు అనసూయమ్మ తల తిప్పుకుంది. యాభై రెండేళ్ల మనిషిని, ఈ వయసులో నాకిదేం ఖర్మ అనుకుంది. తనకు కావాల్సింది నాగలక్ష్మమ్మ అనుమానపడేలాంటిది కాదు. వారంలో రెండుసార్లు ఒక మనిషి వచ్చి మీరేమంటారు అని అడగడం, అంతే. కానీ అంతే అని ఎవరితో చెప్పుకోగలదు?

ఆ మంగళవారం ఇల్లంతా ఖాళీ. మరిది ఒక్కడే మిగిలాడు. ఆయన పొద్దున వచ్చి షట్టరెత్తి, బోణీ చేసి, బ్యాంకుకు పోయాడు. జ్ఞానేశ్వర్ వచ్చి, బల్ల పక్కనున్న స్టూలు మీద కూర్చుని, హోటల్‌కు చెప్పి రెండు టీలు తెప్పించాడు. ఇద్దరూ చెరొక గ్లాసు పట్టుకున్నారో లేదో పెయింటర్ దావీదురాజు ఊడిపడ్డాడు. సందులో రెండో షెడ్డు అతనిది. నోరు మూతపడని మనిషి.

"ఏం సార్, ఇంగా అరగల్యా కారు? ఇట్లనే రుద్దితే ఆఖర్న స్కూటర్ మిగుల్తాది మీకు" అన్నాడు జ్ఞానేశ్వర్‌తో. తర్వాత ఆమె వైపు తిరిగి, "అమ్మా, ఒక నల్లది మెత్త ప్యాడ్ ఇయ్యి. మారుతి డోర్ ఒకటి మెరుపు తేలాల్సి ఉండాది" అన్నాడు.

"లేవు రాజూ."

"ల్యాకపోవడమేంది? మొన్న శనివారం నీ గల్లాపెట్టె కింద డబ్బాకు డబ్బా సూస్తినే!"

"అవి వేరేవి."

"నల్లగా, ఇంత లావున, వేరేవా?"

"వేరేవని చెప్తాండా గదా! ఒకరికని తీసి పెట్టినవి" అంది అనసూయమ్మ. గొంతు అవసరమైన దానికంటే పెద్దగా వచ్చింది.

దావీదురాజు బిత్తరపోయాడు. "సరేలేమ్మా, దానికెందుకంత కోపం? గొర్రెబొచ్చుదే ఇయ్యి, మా నాయన వాడల్యా ఏంది" అని ఉన్నిప్యాడ్ ఒకటి తీసుకుని పోయాడు.

జ్ఞానేశ్వర్ టీ గ్లాసులోకి చూస్తున్నాడు. మిగిలిన టీ తాగేశాడు. తర్వాత ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, "శుక్రవారం వస్తానమ్మా. వస్తాయేమో చూద్దాం" అని లేచాడు. ఆయన గొంతులో ఏ తేడా లేదు. లేనందుకే ఆమెకు ఇంకా భయమేసింది.

ఆ శుక్రవారం ఆయన రాలేదు. పొద్దు గుంకేదాకా ఆమె వీధి వైపు చూస్తూనే ఉంది. తెలిసిపోయింది, ఇంక రాడు అనుకుంది. మేడెక్కి గ్లాసెడు బియ్యం కడిగి, పొయ్యి మీద పెట్టకుండా అట్లాగే మూత పెట్టింది. వ్యాన్లో వెళ్లొచ్చినవాళ్లు తెచ్చిన ప్రసాదం నోట్లో వేసుకుని పడుకుంది.

సోమవారం పొద్దున, ఆమె ఇంకా మెట్లు దిగుతుండగానే, ఆయన బల్ల ముందు నిలబడి ఉన్నాడు. చొక్కా మోచేతుల దాకా మడిచి ఉంది, మీద తెల్లటి మందు చుక్కలు ఉన్నాయి. ఆయన చొక్కా మీద మరక చూడటం అదే మొదలు.

"కాల్చేసినానమ్మా" అన్నాడు.

"ఏమైంది సార్?"

"బానెట్ అంచు. నాయం చెప్పాల్నంటే తప్పు నాదే. ఏదో ఆలోచన చేస్తా ఒకేచోట మిషన్ నిలబెట్టినా. అదిమినా గూడా. అది కారు అనే మాటే మర్చిపోయినా. సూసేసరికి నలుపు పోయి కిందుండే బూడిదరంగు తేలినాది. ఇంత మేర." బొటనవేలి గోరు చూపించాడు. "శుక్రవారం జరిగినాది. మొహం చెల్లక రాలేదు. మీరు మొదటిరోజే చెప్తిరి, అదమద్దు అని."

అనసూయమ్మ వచ్చి పీట మీద కూర్చుంది. తెల్ల ప్యాడ్‌తో ఇంకొకసారి తిప్పండి, ఇంకొకసారి తిప్పండి అని తను చెప్పిన మంగళవారాలు, శుక్రవారాలు కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి. పొర అరిగి అరిగి ఎంత పలచబడి ఉంటుందో ఆమెకు తెలిసినంతగా ఆయనకు తెలియదు. తెలిసీ చెప్పింది. ఆయన అదిమింది ఒక్కసారి. తను అరగదీయించింది నెలరోజులు.

ప్రదీప్ లోపల రంగు కలుపుతున్నాడు. మిషన్ చప్పుడుకు వాడికేమీ వినపడదు. ఆమె వంగి, కాలితో లోపలికి తోసిన డబ్బాను చేతులతో ముందుకు లాక్కుంది. మూత మీద దుమ్ము ఉంది. తుడవలేదు. ఒక నల్ల ప్యాడ్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మొదట్నించీ ఈడనే ఉండాది సార్" అంది. "మీరు అడిగిన దినం గూడా ఉండాది. నేనే ఇయ్యలే."

అనేశాక తల ఎత్తలేకపోయింది. బల్ల మీద ఆయన చేతులు మాత్రం కనపడుతున్నాయి. గోళ్ల చుట్టూ తెలుపు ఇన్ని నెలలైనా పోలేదు. ఎందుకు అని అడిగితే మర్చిపోయానని చెప్పొచ్చు. పెద్దదాన్నయ్యాను కదా అనొచ్చు. ఆ రెండూ నోటిదాకా వచ్చి ఆగాయి.

ఆయన ఎందుకని అడగలేదు. ప్యాడ్‌ను తీసుకుని బొటనవేలితో నొక్కాడు. ఈసారి తేలిగ్గా, పసిబిడ్డ బుగ్గ నొక్కినట్టు. వేలు తీశాక అది నిద్రలోంచి లేస్తున్నట్టు నిదానంగా పైకి లేచింది. అది పూర్తిగా లేచేదాకా ఇద్దరూ చూశారు.

"నేను గూడా పెద్ద తొందరేం పడలేదులేమ్మా" అన్నాడాయన.

ఆమె తలెత్తింది. ఆయన వీధి వైపు చూస్తున్నాడు.

"దావీదురాజు చెప్పినప్పుడే తెలిసినాది. అంతకు ముందు గూడా ఈ ఊర్లో ఇంగ రెండంగళ్లు ఉండాయని నాకు తెల్దా? యాడైనా దొరుకుతాది నల్ల ప్యాడ్." ప్యాడ్ ఆమెకు చూపించి, "ఎంత వేగం పెట్టమంటారు దీనికి?" అన్నాడు.

"తక్కువ. శానా తక్కువ. మందు కందిగింజంత. మిషన్ బరువే చాలు, మీరు అదమొద్దు. పొద్దున చల్లగా ఉన్నప్పుడే చేయండి" అంది ఆమె. ఒక్కొక్క మాటా ఆయన తలూపి తీసుకున్నాడు. ఆఖర్న ఎప్పుడూ అడిగే ప్రశ్న అడగలేదు. ఇంక అడగడానికేం మిగల్లేదు.

"ఆ మచ్చకు రాజు చేత కొంచెం నలుపు పెట్టించండి" అందామె ఆయన మెట్టు దిగుతుండగా.

"వద్దులే. ప్రొద్దుటూరాయనకు చెప్పినా. ఉండనీ అన్నాడు."

ఆ వారమంతా ఆయన రాలేదు. వచ్చినవాళ్లు ప్రదీప్‌ను అడిగారు, ఆమె చిల్లర ఇచ్చింది.

తర్వాతి వారం మధ్యలో, పదిగంటల ఎండలో, అంగడికి అవతలి పక్కన నల్ల కారు ఒకటి వచ్చి ఆగింది. సందు మొగదల కాబట్టి ఇవతల ఆపడానికి చోటు లేదు. జ్ఞానేశ్వర్ దిగి, డోరు వేసి, ఆ పక్కనే నిలబడ్డాడు. ఆమెను రమ్మని పిలవలేదు. అంగట్లోకీ రాలేదు.

అనసూయమ్మ పీట మీద నుంచి లేచింది.

"యాడికి పెద్దమ్మా?" అన్నాడు ప్రదీప్.

"వస్తా ఉండు."

ఇన్నేళ్లలో ఆమె పని వేళ అంగడి మెట్టు దిగి రోడ్డు దాటింది లేదు. ఆటోలవాళ్లు చూశారు. ఎదురుగా టైర్ల అంగడాయన చూశాడు. ఉన్నిప్యాడ్ చేతబట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడిన దావీదురాజు చూసి, ఎప్పుడూ లేనిది, నోరు మూసుకున్నాడు. ఆమె బస్సు పోయేదాకా ఆగి, రోడ్డు దాటి, కారు దగ్గరికి వచ్చింది. మొదట బానెట్ అంచు చూసింది. బూడిదరంగు మచ్చ గోరంత ఉంది. ఆయన చెప్పినంతే. తర్వాత డోరు పక్కకు వెళ్లి వంగి, ఎండ ఏటవాలుగా పడేచోట కన్ను పెట్టి చూసింది. గీత లేదు. మబ్బు లేదు. అప్పుడు చేతిని తిప్పి, వేళ్ల వెనక పక్కతో డోరు మీద ఈ చివరినుంచి ఆ చివరికి నిదానంగా రాసింది. వేళ్లకు ఎక్కడా ఏదీ తగల్లేదు. ఎండకు వేడిగా మాత్రం ఉంది.

"బాగా వచ్చినాది సార్."

"ఆ వెనక డోర్ దగ్గర ఇంగా కొంచెం ఉందేమోనని నాకు అనుమానం" అన్నాడాయన. "చూడండి ఒకసారి."

ఆమె వెనక డోరు కూడా చూసింది. అక్కడా ఏమీ లేదు. ఏమీ లేదని ఆయనకూ తెలుసని ఆయన నిలబడిన తీరు చెప్తూనే ఉంది. చేతిలో తాళంచెవులు అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"ఇంగొక్కసారి తిప్పితే ఎట్లుంటాది?" అన్నాడు. "ప్రొద్దుటూరాయనకు నేనెప్పుడిచ్చినా పర్లేదు. ఈ వారం గాకుంటే వచ్చే వారం. మీరేమంటారు?"

అనసూయమ్మ కొంగు సర్దుకుంది. ఊఁ అంటే చాలు. ఇంకొక మంగళవారం, ఇంకొక శుక్రవారం వస్తాయి. టీ వస్తుంది. పొర ఇంకొంచెం పలచబడుతుంది. డోరు అంచున ఇప్పటికే నలుపు ఎంత సన్నగా ఉందో ఆమె వేళ్లకు తెలిసింది.

"వద్దు సార్" అంది. "ఇంగ రుద్దొద్దు. రుద్దితే పోతాది."

ఆయన తలూపాడు. వెనక ఆటో హారన్ కొట్టింది. ఆయన ఎక్కి కూర్చుని, అద్దం దించి, "దుమ్ము తడి గుడ్డతోనే తుడవమని ప్రొద్దుటూరాయనకు చెప్తాలేమ్మా" అన్నాడు. ఆమె నవ్వబోయింది కానీ కారు అప్పటికే కదిలింది.

రోడ్డు దాటి వచ్చి ఆమె పీట మీద కూర్చుంది. ఎండలోంచి రావడం వల్ల అంగడి లోపల కాసేపు చీకటిగా కనపడింది.

"ఏమంట పెద్దమ్మా ఆయన?" అన్నాడు ప్రదీప్.

"ఏం లేదు. పని అయిపోయినాదంట."

ఎవరో తిన్నరు లీటరు అడిగారు. ప్రదీప్ పోసి ఇచ్చాడు. ఆమె చిల్లర తీసి బల్ల మీద పెట్టింది.